గట్టు మీద తెల్ల సంచి

మా పురుగులింట్లోకి అడుగు పెట్టాలంటే ముందు కాళ్ళు కడుక్కోవాలి. తర్వాత గడప దగ్గర పరిచిన సున్నంలో అడుగేసి అప్పుడు లోపలికి రావాలి. పౌడరు రాసుకుని రాకూడదు, సెంటు కొట్టుకుని రాకూడదు, బీడీ తాగి రాకూడదు. మల్లెపూలు పెట్టుకున్నా నేను ఒప్పుకోను. దానికి పట్టు ఆఫీసువాళ్ళ రూలేమీ లేదు గానీ నా రూలు అంతే. ఒకసారి మా ఆయన ఓబుళప్పకు మేనమామ అయ్యే ఎనభై ఏళ్ళ మనిషి, ముక్కుపొడి డబ్బీ నడుముకు చెక్కుకుని లోపలికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను. ఆయన అలిగి అన్నం కూడా తినకుండా గోరంట్ల బస్సెక్కి వెళ్ళిపోయాడు. పోతే పోయాడు. పొగాకు వాసనకు పట్టుపురుగు చస్తుంది, ముసలాయన అలిగితే ఏమీ కాదు.

ఇట్లాంటి దాన్ని నేను. పేరు నరసక్క. ముప్పై ఏళ్ళుగా పట్టుపురుగులు పెంచుతున్నాను. పెనుకొండ చుట్టుపక్కల కొత్తగా పురుగులు పెట్టే రైతులను ఆఫీసువాళ్ళు మా ఇంటికి తీసుకొచ్చి చూపిస్తారు, అదీ కిటికీ బయటి నుంచే. నలభై అడుగుల దూరంలో ఎవరు బీడీ ముట్టించినా నరసక్క ముక్కుకు తెలిసిపోతుందని ఊరంతా చెప్పుకుంటారు. నేనూ అదే నమ్ముకుని తిరిగేదాన్ని. ఆ ముక్కు ఎంత గొప్పదో పోయిన ఎండాకాలంలో తేలిపోయింది.

శివరాత్రి వెళ్ళిన వారం అది. పురుగులు మూడో జ్వరం లేచాయి. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయి పైచర్మం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. జ్వరం నుంచి లేచిన పురుగు పసిపిల్ల లాంటిది. ఏ చిన్న తేడా వచ్చినా పంటంతా పోతుంది. అట్లాంటి సమయంలో మా అబ్బాయి పవన్ కుమార్ టమాటాకు మందు కొట్టి, వీపున పంపు వేసుకుని, తడిసిన చొక్కాతో నేరుగా పురుగులింటి వైపుకే వస్తున్నాడు.

"ఆడే నిలబడు! ఇంగొక్క అడుగు ముందుకేసినావంటే చూడు!" అని అరిచాను.

"పంపు యాడ పెట్టాలమ్మా మరి?"

"ఇంట్లో పెట్టు. పడమటి గదిలో మంచం కింద పెట్టు. ఆ చొక్కా గూడా ఆడే ఇడిసెయ్, నవీన ఉతుకుతాది."

వాడు అట్లాగే చేశాడు. మందు డబ్బాలు అంతకుముందు వరండాలో ఒక మూల ఉండేవి. వరండా పురుగులింటికి దగ్గరని వాటిని కూడా నేనే పడమటి గదిలోకి మార్పించాను. పడమటి గది పవన్, నవీన పడుకునే గది.

నవీన మా కోడలు, ధర్మవరం పిల్ల. పెళ్ళయి రెండేళ్ళు. అప్పటికి మూడో నెల. అంతకుముందు ఏడాది ఒకటి రెండో నెలలోనే పోయింది. ఎందుకు పోయిందని ఎవరూ పట్టించుకోలేదు. నేను దిష్టి అన్నాను, వాళ్ళమ్మ బస్సు ప్రయాణం అంది, మా ఆయన ఏమీ అనలేదు. ఈసారైనా నిలబడాలని కదిరి నరసింహస్వామికి మొక్కుకుని, ఆ పని ఆయనకు అప్పజెప్పేసి నేను నా పురుగుల్లో పడిపోయాను.

పిల్ల పొద్దున లేస్తే వాంతులు, మధ్యాహ్నం తలనొప్పి. అందరికీ ఉండేదేలే అన్నాను. ఒకరోజు మధ్యాహ్నం నేను ఆకు వేస్తుంటే, కాళ్ళు కడుక్కుని వచ్చి గడప బయట నిలబడింది.

"అత్తా, నేను కొన్నాళ్ళు పురుగులింట్లో పండుకుంటా."

"ఏమ్మే, తలకాయ గానీ తిరిగిందా? పురుగులు పండుకునే తావున మనుషులు పండుకుంటారా? నీ తలనూనె వాసనకే సగం పురుగులు మేత మానేస్తాయి."

"నూనె రాసుకోనులే. ఈడ గాలి బాగుండాది. ఏ వాసనా లేదు."

"ఇంట్లో ఏం వాసనొస్తాండాదే?"

నవీన నా వైపు చూసింది. "ఏమీ లేదులే అత్తా" అని వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లల గొంతెమ్మ కోరికలు అని గొణుక్కుంటూ నేను ఆకు వేయడంలో పడిపోయాను.

ఆ మరుసటి రోజే నర్సమ్మ కళావతి వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళను నెలకొకసారి చూసి పోతుంది. మంచి మనిషే గానీ మూరెడు మల్లెపూలు లేకుండా గడప దాటదు. నేను గేటు దగ్గరే ఆపి, పురుగులింటికి దూరంగా చుట్టూ తిప్పి ఇంటి ముందుకు పంపించాను. కాసేపటికి ఆమె ముక్కుకు చీర కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. వెనకాలే నవీన.

"నరసక్కా, ఆ మంచం కింద ఏం పెట్టినావు?"

"టమాటా మందులు. యాడ పెట్టుకోవాల మరి? నీ ఆసుపత్రిలో చోటిస్తావా?"

ఆమె నవీన వైపు తిరిగింది. "మందు కలిపేదెవరు మీ ఇంట్లో?"

"నేనే నర్సమ్మా. ఆయన పంపు పట్టుకుంటే నేను మూతతో కొలిచి పోస్తా."

"చేతికేమన్నా తొడుక్కుంటావా?"

"లేదు. తర్వాత కడుక్కుంటా."

"చొక్కాలు ఉతికేది?"

"నేనే."

కళావతి నా వైపు తిరిగి అంది. "అక్కా, పోయినేడాదిది ఎందుకు పోయిందో నేను చెప్పలేను. దీనివల్లనే అంటే అబద్ధమైతాది, దానికి నానా కారణాలుంటాయి. కానీ కడుపుతో ఉండే మనిషి మందు కలపగూడదు. మందు పడిన గుడ్డలు ఉతకగూడదు. మందులుండే గదిలో పండుకోగూడదు. పక్క చేన్లో కొట్టినా గాలికి కొట్టుకొస్తాది, ఆ పొద్దు దూరంగా పెట్టు. కొట్టినోడు ఒళ్ళు కడుక్కొని గుడ్డలు మార్చుకునే దాకా ఆయమ్మ తావకు పోగూడదు."

"శానా చెప్తాండావే. మేమంతా కనలేదా? మేము చేన్లలో తిరగలేదా?"

ఆమె మా పురుగులింటి గడప వైపు చూసింది. "ఆ సున్నం పోయాలని నీకెవురు చెప్పినారక్కా?"

"పట్టు ఆఫీసోళ్ళు."

"వాళ్ళు చెప్తే ముప్పై ఏండ్లు విన్నావు. నేనూ ఆఫీసుదాన్నే గదా. ఆరు నెల్లు వినలేవా?"

సమాధానం లేనప్పుడు నాకు కోపం ఎక్కువ. "ముందు ఆ పూలు తీసేసి రా, అప్పుడు మాట్లాడు" అన్నాను. ఆమె నవ్వి, నవీన చేతిలో మాత్రలు పెట్టి, స్కూటీ ఎక్కి పోయింది.

ఆమె పోయాక పడమటి గదిలోకి వెళ్ళాను. ఆకు పనిలో పడి ఆ గదిలో కాలు పెట్టి పదిహేను రోజులైంది. తలుపు తెరవగానే గొంతులో మంట. మంచం కింద వంగి చూశాను. పంపు, మూత సరిగా పట్టని రెండు డబ్బాలు, సగం వాడిన పొడి సంచి, మూలన నిన్నటి చొక్కా. పైన మంచం మీద నవీన దిండు. ఆ వస్తువులన్నీ వాటంతట అవి అక్కడికి రాలేదు. పంపు ఇంట్లో పెట్టు అన్నది నేను. డబ్బాలు ఇంట్లో పెట్టు అన్నది నేను. పురుగులకు పడనిదల్లా ఏరి ఏరి ఆ పిల్ల తల కింద పెట్టించాను. నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే ఎవరినో ఒకరిని తిట్టకపోతే నిలబడలేను అనిపించింది. బయటికొచ్చి పవన్‌ని తిట్టాను.

"ఇవన్నీ తీసుకుపోయి బోరు కాడ మోటరు గదిలో పెట్టి తాళమెయ్. నీ చొక్కాలు ఆన్నే ఉతుక్కో. ఆన్నే నీళ్ళు పోసుకోని ఇంటికి రా."

"మోటరు గది ఎంత దూరముండాదో తెలుసా అమ్మా?"

"తెలుసు. నడువు."

గదంతా కడిగించాను. కిటికీ తెరిపించాను. ఇంక పని అయిపోయినట్టే అనుకున్నాను.

పురుగులు గూళ్ళు కట్టాయి. గూళ్ళు విడదీసి హిందూపురం మార్కెట్టుకు వేసి వచ్చాం. మంచి పంట. ఇంటికి రాగానే గట్టు మీది తెల్ల సంచి విప్పేశాను. ఈ సంచి సంగతి చెప్పాలి. మా ఊళ్ళో పురుగులు పెట్టినవాళ్ళు చేను గట్టు మీద ఒక కర్ర పాతి దానికి తెల్ల యూరియా సంచి కడతారు. ఆ సంచి ఎగురుతుంటే పక్క చేనువాళ్ళు గాలి తమ వైపు నుంచి వీస్తున్నప్పుడు మందు కొట్టరు. గాలి తిరిగినప్పుడు, అదీ ముందు చెప్పి కొడతారు. పంచాయతీలో తీర్మానమేమీ లేదు, ఎవరూ కాగితం రాసుకోలేదు. ఎన్ని తగాదాలున్నా ఈ మాట మాత్రం ఎవరూ తప్పరు. సొంత అన్నదమ్ములు కోర్టుకెక్కి కొట్టుకుంటూ కూడా ఒకడి సంచి ఇంకొకడు మన్నించడం నేను చూశాను.

సంచి దిగిందని తిప్పన్న చూశాడు. తిప్పన్న మా పడమటి పక్క చేను ఆయన. ఆయన టమాటా మా ఇంటిని ఆనుకుని ఉంటుంది, మా టమాటా ఆయన ఇంటి వెనక ఉంటుంది. మరుసటి రోజు పొద్దున్నే ఆయన పంపు మోత వినబడింది. మా పురుగుల కోసం ఇరవై రోజులు ఆగిన మనిషి, ఆకలిమీద ఉన్నట్టు కొడుతున్నాడు. పడమటి గాలి. సన్నటి తుంపర వచ్చి మా వరండాలో పడుతోంది. నవీన ముక్కుకు కొంగు చుట్టుకుని వంటింట్లో మూలన కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు.

నేను గట్టు మీదికి పోయాను.

"తిప్పన్నా! రవంత ఆపబ్బా. గాలి మా ఇంటి పక్కకుండాది. కోడలు కడుపుతో ఉండాది."

ఆయన పంపు ఆపాడు, మర్యాదగానే. "కడుపుతో ఉంటే ఏమక్కా?"

"మందు గాలి తగలగూడదంట. నర్సమ్మ చెప్పింది."

"నర్సమ్మలు అట్లనే చెప్తారులే. మాయమ్మ నన్ను కనే ముందు రోజు దాకా మందు చేన్లోనే కలుపు తీసింది. నాకేమైంది చెప్పు? గుండ్రాయి మాదిరి ఉండా."

ఆయనకేమైందో చెప్పాలని నాకు నోటిదాకా వచ్చింది. మింగాను.

"పొయినేడాది మాకొకటి పోయింది గదబ్బా."

"దేవుడు చేసిందానికి టమాటా ఏం చేస్తాది అక్కా? పురుగులుంటే చెప్పు, ఇప్పుడే ఆపేస్తా. పురుగులైతే పాపం చచ్చిపోతాయి. మనుషులకేమైతాది?"

ఆయన వెటకారంగా అనలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. నిజంగా, మనస్ఫూర్తిగా, మంచి మనసుతో అన్నాడు. ఆ మనిషితో ఏమని వాదించేది? వారం కిందటి దాకా నా బుర్రలో ఉన్న మాటలే ఆయన నోట్లోంచి వస్తున్నాయి. నా నోట్లోంచి ఏం వచ్చిందో చూడండి.

"రేపే వస్తాండాయి కొత్త పంటకు చాకీ పిల్లపురుగులు. ఆకుకు గూడా గాలి తగలగూడదు."

"అట్లనా? ముందే చెప్పేది గదక్కా!" అని తిప్పన్న ఆ క్షణమే పంపు వీపు నుంచి దించేశాడు. కంగారుగా మా మల్బరీ తోట వైపు చూసి, "ఆకు మీద పడిందేమో రెండు రోజులు ఆ పక్క కోయొద్దు" అని జాగ్రత్తలు కూడా చెప్పాడు.

నేను అక్కడే కర్ర పాతి సంచి కట్టేశాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన, పవన్ వరండాలో నిలబడి ఉన్నారు. కొత్త పురుగులు కావాలని చెప్పనే లేదు కదా, సంచి ఎందుకు కట్టావని మా ఆయన అడిగాడు. చెప్పాను. పురుగులింట్లో ఈసారి పురుగులుండవు, నవీన ఉంటుంది అన్నాను. నెట్టు కొట్టిన కిటికీలు, రేకుల మీద కొబ్బరాకుల కప్పు, గోడలకు తడి గోతాలు. మా ఇంటి మొత్తంలో చల్లగా, శుభ్రంగా ఉండే చోటు అదొక్కటే. ముప్పై ఏళ్ళుగా అందులో పురుగులే ఉన్నాయి.

"పంట వదులుకుంటావా అమ్మా? ఒకటి కాదు, రెండు పంటలు పోతాయి" అన్నాడు పవన్.

"పోనీ."

"ఊరోళ్ళకు తెలిస్తే నవ్వుతారు" అన్నాడు మా ఆయన.

"నవ్వనీ."

"అయినా ఇదేం చోద్యమమ్మా" అని పవన్ విసుక్కున్నాడు. "పురుగులంటే మందు గాలికి చచ్చిపోతాయి. మనిషి చావదు గదా!"

వంటింటి గడప దగ్గరి నుంచి నవీన అంది, మెల్లగా, వాడికి అన్నం పెట్టనా అని అడిగినట్టు. "పోయినేడాది ఒకటి పోయింది గదా."

పవన్ చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. గంట తర్వాత తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే బకెట్టు తీసుకుని పురుగులిల్లు కడగడం మొదలుపెట్టాడు.

కడిగి, బ్లీచింగు వాసన కూడా పోయేదాకా వారం రోజులు తలుపులు, కిటికీలు తెరిచిపెట్టాం. ఆ వారం నవీనను వాళ్ళమ్మ దగ్గరికి ధర్మవరం పంపించాను. తిరిగొచ్చాక మెట్లమెట్లుగా ఉండే పురుగుల స్టాండ్ల మధ్య మంచం వేశాం. కింది మెట్టు మీద దాని చీరలు, పై మెట్టు మీద మాత్రలు, నీళ్ళ చెంబు. వచ్చిన రోజు మధ్యాహ్నం పడుకున్న పిల్ల సాయంత్రం దాకా కదల్లేదు. భయమేసి రెండుసార్లు వెళ్ళి చూశాను. నాలుగో జ్వరంలో ఉన్న పురుగు కూడా అంత నిమ్మళంగా పడుకోదు.

రూలు మాత్రం మార్చలేదు. కాళ్ళు కడగాలి, సున్నంలో అడుగేయాలి. మా ఆయన బీడీ తాగాలంటే బోరు దాకా పోవాల్సిందే. పవన్ ఒకరోజు మందు కొట్టి, మోటరు గది దాకా పోవడానికి బద్ధకించి, అదే చొక్కాతో నవీనకు మామిడికాయలివ్వడానికి వచ్చాడు. గడప దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డాను.

"లోపల పురుగులుంటే వచ్చేవాడివా?"

వాడు సున్నం వైపు చూశాడు, చొక్కా వైపు చూసుకున్నాడు. మామిడికాయలు కూడా నా చేతికివ్వకుండా తిరిగి వెళ్ళిపోయాడు. ఒళ్ళు కడుక్కుని, వేరే చొక్కా వేసుకుని, కాయలు కూడా కడిగి తెచ్చాడు. అప్పటి నుంచి వాడికి చెప్పాల్సిన అవసరం రాలేదు. పెనుకొండ తీసుకుపోయి స్కానింగు చేయించింది కూడా వాడే.

అసలు తలనొప్పి తిప్పన్నతో. నాలుగు రోజులకోసారి గట్టు మీదికొచ్చి ఆరా తీసేవాడు.

"ఎన్నో జ్వరమక్కా?"

"రెండో జ్వరం."

"మేత బాగా తింటాండాయా?"

"తింటాండాయి. కారం ఎక్కువ అడగతాండాయి" అని నోరు జారేదాన్ని దాదాపు. లోపలి నుంచి నవీన నవ్వు ఆపుకోలేక దగ్గేది. నేను అంతకన్నా గట్టిగా దగ్గేదాన్ని. అబద్ధం ఆడటం నాకు రాదు. క్యాలెండరు మీద రెండో జ్వరం, మూడో జ్వరం, నాలుగో జ్వరం అని పెన్సిలుతో రాసుకుని మరీ అబద్ధమాడాను. ఒక పంట అయిపోయిందని చెప్పిన వారానికే ఇంకో పంట పెట్టామని చెప్పాను. సంచి మాత్రం దించలేదు. తిప్పన్న కొట్టినప్పుడల్లా ముందు రోజు ఫోను చేసేవాడు. "రేపు పొద్దున కొడతాండా అక్కా. తలుపులు మూసుకోండి" అని. పొద్దున్నే గట్టు మీద నిలబడి, చిటికెడు దుమ్ము గాలిలోకి వదిలి, అది తన చేనువైపు పోతేనే పంపు తీసేవాడు. లేకపోతే ఇంటికి పోయేవాడు. ఆయన అంత బుద్ధిగా ఉన్నకొద్దీ నాకు కోపం పెరిగేది. ఇదే మనిషి, ఇదే గాలి, ఇదే మందు. మనిషి కోసమని అడిగితే దేవుడి మీదికి తోశాడు, పురుగులన్నందుకు దుమ్ము పరీక్ష చేస్తున్నాడు. లేని పురుగులకున్న విలువ ఉన్న కోడలికి లేదు.

ఆషాఢం రాగానే నవీనను పురిటికి ధర్మవరం తీసుకుపోయారు. సంచి దించి మడిచి అటక మీద పెట్టాను. శ్రావణంలో ఫోను వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. మూడు కేజీలకు రవ్వంత తక్కువట. మా ఆయన ఆ రోజు బీడీ తాగడానికి ఎవరూ చెప్పకపోయినా బోరు దాకా నడిచి వెళ్ళాడు. నేను పురుగులింట్లో ఖాళీ మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఏడ్చానని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెప్తున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తిప్పన్న మా వాకిట్లోకి వచ్చాడు. పాప పుట్టిందని తెలిసిందట, సంతోషమన్నాడు. అని పోకుండా నిలబడ్డాడు. చేతులు నలుపుకుంటున్నాడు.

"ఏమబ్బా, ఏం కావాల?"

"ఆ సంచి రవంత ఇస్తావా అక్కా?"

"ఏం సంచి?"

"తెల్ల సంచి. గెనిమ మీద కట్టేది."

"నీ ఇంట్లో యూరియా సంచులు లేవా?"

"ఉండాయి. నీదైతే నమ్ముతారు." ఆయన తల వంచుకున్నాడు. "వైష్ణవిని మడకశిర నుంచి తీసుకొచ్చినా. మూడో నెల. వాంతులు శానా ఎక్కువైనాయి. కొన్నాళ్ళు మా తావనే ఉంటాది."

వైష్ణవి ఆయన కూతురు. నాకు విషయం అర్థమవడానికి కాసేపు పట్టింది.

"నీకు తెలుసా?" అన్నాను చివరికి.

"ఏమి?"

"మా ఇంట్లో పురుగుల్లేవని."

తిప్పన్న మా మల్బరీ తోట వైపు చెయ్యి చూపించాడు. "ఆకు కోయకుండా పురుగులు ఏం తింటాయక్కా? మీ తోట మనిషెత్తు పెరిగి, ఆకు పండి రాలిపోతా ఉంటే నాకు కనబళ్ళేదా?"

ముప్పై ఏళ్ళు పురుగులు పెంచిన దాన్ని. జ్వరాలు లెక్కపెట్టి క్యాలెండరు మీద రాసుకున్నాను గానీ, ఆకు కోయాలన్న సంగతి మర్చిపోయాను. గట్టు అవతల అంత పచ్చని తోట నాలుగు నెలలు కొడవలి తగలకుండా నిలబడి నా అబద్ధాన్ని ఊరంతటికీ చెబుతూనే ఉంది. వెనక నుంచి మా ఆయన, "నేను అప్పుడే చెబ్దామనుకున్యా. నువ్వు నన్ను మాట్లాడనిస్తే గదా" అన్నాడు. ఆయన సంగతి తర్వాత చూద్దామనుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి వారంలోనే."

"మరి ఏంటికి గమ్మునున్నావు? ఏంటికి ఎన్నో జ్వరం ఎన్నో జ్వరం అని నా ప్రాణం తీసినావు?"

"అడక్కపోతే నువ్వు అనుమానపడతావని. సంచి కట్టినాక ఎట్ల కొట్టేదక్కా? లోపల ఏముంటే నాకేమి, సంచి కట్టినావు గదా."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది, కూర్చోబెట్టి అన్నం పెట్టాలనిపించింది. రెండూ చేయలేదు. "మీ ఇంటి ఎనకాల ఉండేది మా టమాటానే గదబ్బా. మా పవన్ రేపు మందు కొట్టాలనుకుంటాండాడు. సంచి గించి ఏంటికి? నోటితో ఒక్క మాట అడిగితే సరిపోదా?"

తిప్పన్న అప్పుడు తల ఎత్తాడు. "నువ్వు నోటితోనే అడిగితివి గదక్కా. నేనేం చేసినా?"

అటక మీద నుంచి సంచి దించాను. ఆయన చేతికివ్వలేదు. నేనే పోయి, ఆయన ఇంటి వెనక, మా టమాటా మొదలయ్యే గట్టు మీద కర్ర పాతి గట్టిగా రెండు ముళ్ళు వేశాను.

మరుసటి రోజు పొద్దున పవన్ పంపు వీపున వేసుకుని వచ్చి గట్టు దగ్గర ఆగాడు. సంచి వైపు చూశాడు. తిప్పన్న ఇంట్లో పురుగులు పెట్టే స్టాండు ఒక్కటి కూడా లేదని వాడికి తెలుసు. వంగి చిటికెడు దుమ్ము తీసి గాలిలోకి వదిలాడు. అది తిప్పన్న ఇంటి వైపుకే పోయింది. వాడు పంపు కింద పెట్టాడు.

"ఎన్నో జ్వరమమ్మా?" అని అడిగాడు.

"మూడో నెలరా" అన్నాను.